కుడి మూల లేచింది

"స్టూలు ఊగుతోంది, కాస్త పట్టుకోవయ్యా!"

గేటు దగ్గర సంచీతో నిలబడ్డ మనిషి వచ్చి స్టూలు పట్టుకున్నాడు.

భుజంగరావు పైకెక్కి, ఉగాది నాటకం బ్యానర్ మీద 'సత్యభామ: హేమంత్‌కుమార్' అన్నచోట పేరు కనబడకుండా తెల్ల కాగితం అంటించాడు. వైట్‌ఫీల్డ్‌లో ఆ అపార్ట్‌మెంట్ల తెలుగు సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"ఏం తప్పు చేసినాడు సార్ ఈయప్ప?"

"ఎఫ్‌ఎం రేడియోలో, నేను ప్రేమించేది మగవాణ్ణే అని చెప్పాడట. నేను వినలేదనుకో, ఆ మనిషిని చూసిందీ లేదు. వారం నుంచీ మా వాట్సాప్ గ్రూపులో అదే రభస. సత్యభామ వేషం వేసేవాడికి అంత సత్యం దేనికయ్యా? చీర ఎలాగూ కట్టుకుంటాడు. నోరు కూడా కట్టుకోవచ్చుగా!"

ఆ మనిషి నవ్వాడు.

"వేషమేస్తే చప్పట్లు, తీస్తే చెప్పులా సార్?"

"అబ్బో, నాకే పంచ్ వేశావే! ఎవరు నువ్వు?"

"హొసకోటె నుంచి వచ్చినా సార్. హరీశ్‌కి చీర కట్టి జడ వేసేదానికి."

హరీశ్ అంటే, హేమంత్‌కుమార్ బదులు ఆ రోజు సత్యభామ వేస్తున్న కొత్త నటుడు.

"అయితే వెనక మెట్ల దారిన పో. ముందు దారి అతిథులకి."

ఆ మనిషి రెండడుగులు వేసి ఆగాడు.

"కుడి మూల లేచింది సార్. అక్షరం కనబడతా ఉండాది. నొక్కండి."

భుజంగరావు గట్టిగా నొక్కాడు.

సాయంత్రం తెర లేచే వేళకి హరీశ్ గొంతు మూతపడింది. భయమో, చల్లనీళ్ళో.

"పద్యం పోతే నా పరువు గద్యమైపోతుందయ్యా!" భుజంగరావు తల పట్టుకున్నాడు.

జడకి పూలు కుడుతున్న హొసకోటె మనిషి తలెత్తాడు.

"వాణ్ణి పెదాలు కదిలించమనండి సార్. తెర చాటు నుంచి నేను పాడతా."

పాడాడు.

అలిగిన సత్యభామ పద్యానికి హాల్లో పిల్లలు కూడా ఏడుపు ఆపేశారు.

"వన్స్‌మోర్!" అని మొదట అరిచింది భుజంగరావే. ఆ మనిషి మళ్ళీ పాడాడు. భుజంగరావు మళ్ళీ అరిచాడు.

తెర పడగానే ముఖ్య అతిథికి తెచ్చిన దండ లాక్కుని వెనక్కి పరిగెత్తాడు.

"ఏడయ్యా ఆ మహానుభావుడు? పై ఏడు సత్యభామ ఆయనే! బ్యానరంతా ఆయన పేరే!"

హరీశ్ జడ విప్పుతున్నాడు. బొంగురు గొంతుతో అన్నాడు:

"వెళ్ళిపోయినాడు సార్. ఇంక ఈ జన్మకి రంగు పూసుకోడంట. జడ, సవరం, గాజులు, అన్నీ నాకే ఇచ్చేసినాడు."

"అయ్యయ్యో, అదేంటి! అసలాయన పేరేంటయ్యా?"

హరీశ్ ఆయన చేతిలోని దండ వైపు చూశాడు.

"బ్యానర్ మీదే ఉండాది సార్, మీరంటించిన కాగితం కింద."