నాలుగో రోజు పేరు

“ఒమొండి కాదు. వీడి పేరు ఒచోలా,” అంది అత్తగారు అదోయో, గడప మీద కూర్చున్న కోడలు ముంబువా మొహం వైపు చూడకుండా.

ముంబువాకు ఒళ్ళు మండింది. మూడు రోజులుగా బిడ్డను ఒమొండీ, ఒమొండీ అని ముద్దు చేసింది ఈవిడే. తెల్లవారుజామున పుట్టినవాడికి అదే పేరని చెప్పిందీ ఈవిడే. మబ్బు పట్టిన పొద్దున పుట్టాడు కాబట్టి తన మొగుడు ఒలువోచ్ అయ్యాడు. ముంబువా పుట్టింటివాళ్ళు కాంబా తెగవాళ్ళు, వాళ్ళ మాట వేరు. అక్కడా వానలో పుట్టిందనే ఆమెకు ముంబువా అని పెట్టారు. ఇదంతా అర్థం కావడానికి అత్తగారి లువో తెగలోనే పుట్టనక్కర్లేదు.

నాలుగో రోజున మగబిడ్డను బయటికి తెచ్చి పేరు ఖాయం చేయాలి. ఒలువోచ్ వచ్చేదాకా ఆగమని ఆమె ఎంతో బతిమాలింది. అతను సరస్సులోని దీవికి చేపల వేటకు పోయి పన్నెండు రోజులైంది, ఫోన్ కలవడం లేదు. అక్కడ సిగ్నల్ ఉండదని మరిది ఒకేచ్ రోజూ అదే పాట పాడేవాడు. పొద్దున్నే పడవ వేసుకుని సరస్సు మీదికి పోయేవాడు, ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. రోజూ వల ఇంట్లో వదిలి వేటకు పోయే జాలరిని ఆమె ఎక్కడా చూడలేదు. ఇవాళా అలాగే వచ్చి, తల్లిని పెరట్లోకి పిలిచి ఏదో చెప్పాడు. అప్పటినుంచే ఈవిడ మాట మారింది.

తన మీద చాడీలు చెప్పి ఉంటాడనుకుంది ముంబువా. పరాయి తెగ పిల్ల కన్నవాడికి సరైన పేరు కూడా దక్కనివ్వరు కాబోలు. వాకిట్లో పెద్దలు గంజి ముట్టలేదు. ఆడవాళ్ళలో ఒక్కరూ పాట ఎత్తుకోలేదు. పినత్త బిడ్డను చూసి మొహం తిప్పుకుంది. ముంబువాకు దుఃఖం ముంచుకొచ్చింది.

“నేను మీదాన్ని కాకపోతే పోనీండి అత్తమ్మా. వీడు మీ రక్తమేగా? వాడి పేరెందుకు లాగేసుకుంటారు?”

“లాగేసుకోవడం లేదే తల్లీ. పేరు దగ్గర అబద్ధమాడితే బిడ్డకు మంచిది కాదు.”

“మీ అబ్బాయిని రానీండి, ఆయన్నే అడుగుతా.”

అదోయో బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. నిద్రపోతున్న మనవడి నుదురు తడిమి, ఒచోలా, ఒచోలా అని రెండుసార్లు పిలిచింది. పెద్దలు తలలు వంచుకున్నారు. ఒక్కరూ సర్ది చెప్పడానికి రాలేదు. ముంబువాకు అది మరీ అవమానంగా తోచింది.

“అది ఏ వేళకు పెట్టే పేరో, అదైనా చెప్పండి,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

“వేళకు పెట్టేది కాదమ్మా.”

ఒకేచ్ వచ్చి తల్లి పక్కన నేల మీద కూలబడ్డాడు. పినత్త వెనక నుంచి ముంబువా భుజాలు గట్టిగా పట్టుకుంది. అదోయో ఇప్పుడు కోడలి మొహంలోకి చూసింది.

“తండ్రి పోయాక పుట్టినవాడికి పెడతాం.”