నున్న రాయి

ఓబన్న మూడు సానరాళ్లనూ తడిపి ముందు పెట్టుకున్నాడు. గరుకుది పక్కకు నెట్టాడు. నడిమిది ఎత్తి, బొటనవేలితో తడిమి, మళ్లీ దించాడు. పొద్దున్నుంచీ ఇదే పని.

పుట్టువెంట్రుకలు తీయించడానికి బిడ్డతో బయల్దేరామని గార్లదిన్నె నుంచి ఫోన్ వచ్చింది. బ్లేడు వద్దట. చిన్నప్పుడు తన తల గొరిగిన కత్తితోనే బిడ్డకూ గొరగాలని ఆ తండ్రి పట్టు.

"ఇంగా రాయి కుదరలేదా?" అంది భార్య రామాంజినమ్మ.

"పసిబిడ్డే. మాడు ఇంగా మెత్తగుంటాది. పదును సరిగా రాకుంటే ఎట్లా?"

నున్న రాయి మీద కత్తి ఆనించాడు. అది జారలేదు, టకటకా కొట్టుకుంది. గబుక్కున చెయ్యి తొడ కింద దాచుకున్నాడు. నాలుగు నెలలుగా దాస్తున్న వణుకు. భార్య కనిపెట్టిందేమోనని ఓరగా చూశాడు.

"ఈ రాయీ బాగలేదు. రావద్దని చెప్పు వాళ్లకు."

రామాంజినమ్మ కత్తి అందుకుంది. నున్న రాయి మీద అటొకసారి ఇటొకసారి, అచ్చం అతను నూరినట్టే నూరింది.

పదునెప్పుడూ తన ముంజేతి వెంట్రుకల మీదే చూసుకునేవాడు ఓబన్న. అలవాటుగా ఎడమ చెయ్యి చాచాడు. అక్కడ వెంట్రుకలు ఒత్తుగా పెరిగి ఉన్నాయి.

"నీది వద్దులే" అంటూ ఆమె తన గాజులు పైకి తోసుకుంది.

ముంజేయి నున్నగా గొరిగి ఉంది. దాని నిండా మానిపోయిన గాట్లు. కొత్తది ఒక్కటీ లేదు.