ఆరున్నర అడుగుల కర్ర

“గోడకి తగిలింది,” అన్నాడు ముసలాయన.

పనివాళ్లంతా గొల్లున నవ్వారు.

నవ్వరా మరి! అక్కడ గోడే లేదు. ఖాళీ స్థలంలో సున్నంతో ముగ్గు పోసి ఉంది, అంతే. ఆ గీతల మధ్య ఆయన ఓ పొడుగాటి కర్రని నేలకి సమంగా పట్టుకుని మెట్లెక్కుతున్నట్టు నడుస్తున్నాడు. మెట్లు తిరిగే చోట కర్ర కొస గీత దాటింది.

“లేని గోడకి తగలడమేంటి తాతా? పొద్దున్నే ఏమైనా పుచ్చుకున్నావా?” అన్నాడు మేస్త్రి.

ముసలాయన వెనక్కెళ్లి మళ్లీ నడిచాడు. మళ్లీ తగిలింది.

మూడు రోజులు ఇదే తంతు. పనివాళ్లు కర్ర తాత అని పేరు కూడా పెట్టేశారు. నాలుగో రోజు ఆర్కిటెక్టమ్మకి ఒళ్లు మండింది. సోమవారం పునాదులు తవ్వాలి, ఈయనేమో ముగ్గంతా తొక్కేస్తున్నాడు.

“ఏం కావాలండీ మీకు?”

“మెట్లు ఇంకో అడుగు వెడల్పు కావాలమ్మా. మలుపు కూడా.”

“ఎందుకు?”

“కర్ర తిరగట్లేదు.”

“మేం కడుతున్నది మనుషుల కోసం. కర్రల కోసం కాదు.”

“అందరూ నడిచి దిగరు కదమ్మా.”

“ముసలివాళ్లకి కింది ఇళ్లే ఇస్తున్నాం. మీరేం బెంగ పెట్టుకోకండి.”

ఆయన కదల్లేదు. ఆవిడకి జాలేసిందో, గొప్పే చెప్పుకోవాలనిపించిందో గానీ, చేతిలో ప్లాను విప్పి చూపించింది. నలభై ఎనిమిది కుటుంబాలు. ఊరి మట్టితోనే ఇటుకలు. ప్రతి అంతస్తులోనూ ఈ చివర నుంచి ఆ చివరిదాకా అందరిదీ ఒకటే వసారా. ఎండ గదుల్లోకి రాదు, గాలి రాకుండా ఉండదు.

“ఇంత వసారాకి చోటెక్కడిదనుకున్నారు? నేను చదువుకున్న ఊళ్లో ఓ పాత బిల్డింగుంది. మెట్లకి తగ్గించి వసారాకి ఇచ్చాడా మహానుభావుడు. అది కట్టాక మళ్లీ గీత గీయలేదట. ఇంకేం గీస్తాడు? అంతకన్నా బాగా గీయడం ఎవరి తరం!”

ముసలాయన కర్ర నేలకి ఆనించాడు.

“తప్పు చేశాడమ్మా,” అన్నాడు మెల్లిగా.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బిల్డింగు గీసినాయన మొహం ఎలా ఉంటుందో కూడా తెలీదు. అయినా గురువు గురువే.

“ఆయన్ని తప్పు పట్టడానికి మీరెంతటివారండీ?”

ముసలాయన కర్ర భుజాన వేసుకున్నాడు.

“ఎంతటివాణ్ణీ కాదులే తల్లీ,” అనేసి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆవిడ స్థలం చుట్టూ రేకులు కట్టించింది. కర్ర తాత రెండు రోజులు రేకుల అవతల నిలబడ్డాడు. మూడో రోజు రాలేదు. పీడా విరగడైందనుకుంది.

ఏడాదికి మొదటి బ్లాకు లేచింది. జనం చేరారు. వసారాలో ఒక ఇంటి చంటిపిల్ల పది ఒళ్లలో పెరిగింది. మెచ్చుకోనివాళ్లు లేరు.

ఓ మధ్యాహ్నం మూడో అంతస్తు దర్జీ గుండె పట్టుకుని కూలబడ్డాడు.

అంతస్తంతా పరిగెత్తుకొచ్చింది. అంబులెన్సు కూడా ఇట్టే వచ్చింది. దర్జీని పడుకోబెట్టిన స్ట్రెచర్ వసారా పొడుగునా హాయిగా నడిచి, మెట్ల మలుపులో ఆగిపోయింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఊహూ.

“గోడకి తగులుతోంది!” అని అరిచాడు ముందు పట్టుకున్నతను.

రెండో బ్లాకు పని మీద వచ్చిన ఆర్కిటెక్టమ్మ కిందే ఉంది. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో గుర్తొచ్చాక మెట్ల వైపు పరిగెత్తింది.

చివరికి దర్జీని కుర్చీకి కట్టి దించారు. ఆయుష్షు గట్టిది, బతికాడు.

“ఆ కర్ర తాత ఎక్కడుంటాడు?” అనడిగింది మేస్త్రిని.

“కూతురింట్లో అమ్మా. పదండి. ఆ రోజు ముందు నవ్వింది నేనే,” అన్నాడు మేస్త్రి తల దించుకుని.

తలుపు తీసింది కూతురు.

“నాన్న పోయి నెలయిందండీ.”

రేపు రెండో బ్లాకుకి ముగ్గు. ఆర్కిటెక్టమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్దామని వచ్చింది.

గదిలో మూలన కర్ర నిలబెట్టి ఉంది.

“అది... స్ట్రెచర్ పొడుగేనా అమ్మా?”

“అవునండీ, ఆరున్నర అడుగులు. మా అమ్మకి బాగా లేనప్పుడు మేముంటున్న బిల్డింగులో స్ట్రెచర్ మెట్లు తిరగలేదు. దించేసరికి అరగంట పట్టింది. అప్పటికే అయిపోయింది. ఆ రోజే కొలిచి కోశారు. ఆ ఊరొదిలి వచ్చేసినా, ఎక్కడ ముగ్గు పోసినా ఈ కర్ర పట్టుకుని వెళ్లేవారు.”

ఆర్కిటెక్టమ్మకి ఏడుపొచ్చింది.

“నాలాగే కళ్లు మూసుకుని ఆ మెట్లు గీసిన మనిషెవరమ్మా?”

కూతురు అటక మీంచి ఓ కాగితాల చుట్ట దించి నేల మీద పరిచింది.

ఆ ప్లాను ఆర్కిటెక్టమ్మకి కంఠతా వచ్చు. చదువుకునే రోజుల్లో పదిసార్లు చూసి గీసింది. మెట్ల మలుపు చుట్టూ ఉన్న ఎర్ర పెన్సిలు గీత ఒక్కటే కొత్త.

“నాన్నేనండీ,” అంది కూతురు. “ఈ ఎర్ర గీత తరవాత ఇంకో గీత గీయలేదు.”