ఆదివారం చొక్కా

"మళ్ళీ ఆరేసింది," అన్నాడు లిఫ్టు మెకానిక్, పెరటి తలుపు సందులోంచి చూస్తూ.

భార్య వచ్చి అతని భుజం మీదుగా తొంగి చూసింది. పిట్టగోడ అవతల, పక్కింటి పిన్నిగారి తీగ మీద ఒకే ఒక్క చొక్కా ఉంది. నీలం రంగు, పొడుగు చేతులు, మోచేతుల దగ్గర వెలిసిపోయింది. గోడకి ఇవతల, పొగసెగ మీద మాంసం వండే కొత్త బార్బెక్యూ స్మోకరు అప్పుడే ఊపందుకుంటోంది. దాని గొట్టంలోంచి బయల్దేరిన పొగ ఇంకెక్కడా చోటు లేనట్టు తిన్నగా వెళ్ళి ఆ చొక్కాలో దూరుతోంది.

"పాపం, నోరు తెరిచి చెప్పలేక ఆవిడ అలా తెలియజేస్తోంది," అంది భార్య. "మీ రైలింజను ఆపండి."

"మధ్యలో ఆపితే కోడి పాడైపోతుంది."

"ఆపకపోయినా పాడయ్యేదేగా."

స్మోకరు వచ్చి ఆరు వారాలైంది. మొదటి వారం కోడి పైన బొగ్గు, లోపల పచ్చి. రెండో వారం ఉండబట్టలేక పది నిమిషాలకోసారి మూత తీసి చూశాడు. ఉన్న వేడి కాస్తా పోయి, మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి గానీ తయారవలేదు. సన్నటి సెగ, మూసిన మూత, కాస్త ఓపిక, అంతే ఆ వంటలోని కిటుకు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి ఓపిక పట్టమని రోజూ చెప్పే మనిషికి ఆ ఓపికే అలవాటు కావడం లేదు.

అయినా అతని అసలు బెంగ కోడి గురించి కాదు, పిన్నిగారి గురించి. వెనకటి ఇంట్లో డాబా నీళ్ళ దగ్గర గొడవపడి పక్కవాళ్ళతో మూడేళ్ళు మాటల్లేకుండా గడిపారు. మళ్ళీ అలాంటిది జరిగితే తాను పుట్టింట్లో తేలతానని, ఈ ఇంటికి మారేముందే భార్య తేల్చి చెప్పింది. ఇక్కడ దిగిన రోజున నిచ్చెన అరువిచ్చి, మంచినీళ్ళు తెచ్చిపెట్టి, ఆప్యాయంగా పలకరించింది పిన్నిగారే. ఒంటరి మనిషి. రేవు దగ్గర చేపల షెడ్డులో పనిచేసిన భర్త పోయి ఏడాది కావొస్తోందట. అలాంటి మనిషి మనసు కష్టపెట్టడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు.

అందుకని తనకు తోచినవన్నీ చేశాడు. స్మోకరును పెరటి ఆ చివరికి జరిపాడు. మరుసటి ఆదివారం చొక్కా కూడా తీగ మీద ఆ చివరికే జరిగింది. పొగ పలచగా వస్తుందని మామిడి చెక్క మానేసి జామ చెక్క వేశాడు. పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి, పోయిన వారం చెక్కే బాగుంది నాయనా అనేసి వెళ్ళిపోయింది. అది ఎత్తిపొడుపేనని భార్య తీర్పు చెప్పింది. ముందే తెలిస్తే చొక్కా లోపల పెట్టుకుంటుంది కదా అని, ఈ ఆదివారం పదింటికి వెలిగిస్తానని అతనే వెళ్ళి చెప్పొచ్చాడు. సరిగ్గా పదింటికి చొక్కా తీగెక్కింది. పిన్నిగారు బట్టలుతికేది బుధవారాలు. ఆదివారం మాత్రం ఆ ఒక్క చొక్కాయే.

"ఇక లాభం లేదు. రేపు దీన్ని మీ తమ్ముడికి ఇచ్చేస్తాను," అన్నాడు స్మోకరు వంక చూడకుండా.

భార్యకి జాలేసింది. నెలన్నరగా ఆదివారం వస్తే చాలు, ఈ మనిషి చిన్నపిల్లాడిలా పెరట్లోకి పరిగెత్తడం ఆమెకీ ముచ్చటగానే ఉంది. ఏదో అనబోతుంటే గాలి విసిరింది. క్లిప్పు ఊడి, చొక్కా గోడ దాటి ఎగిరొచ్చి బొగ్గుల మసిలో పడింది.

ఆమె పరుగున వెళ్ళి తీసింది. ఎక్కడా తడి లేదు. ఎండకి అప్పుడే ఆరిపోయిందనుకుంది. ఒకసారి ఉతికితే పొగ కంపు వదల్లేదు. రెండోసారి ఉతికి, సువాసన నీళ్ళలో ముంచి, ఆరాక ఇస్త్రీ చేసింది. సాయంత్రం ఇద్దరూ కలిసి దాన్ని పక్కింటికి తీసుకెళ్ళారు.

పిన్నిగారు మడత విప్పి చొక్కాని ముఖానికి ఆనించుకుంది. కాలరు దగ్గరా, చేతుల దగ్గరా వాసన చూసింది.

"వాసన పోయింది," అంది చివరికి.

"పూర్తిగా పోయింది పిన్నిగారూ. రెండుసార్లు ఉతికాను," అంది భార్య సంబరంగా.

పిన్నిగారు గుమ్మం మెట్టు మీద కూలబడింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి లిఫ్టు మెకానిక్ కంగారుగా ముందుకొచ్చాడు. తప్పంతా తనదేనని, ఇక తమ పెరట్లో పొగ లేవదని, స్మోకరును రేపే పంపించేస్తున్నానని గబగబా చెప్పేశాడు.

ఆవిడ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పంపకు నాయనా. ఇప్పుడోసారి వెలిగిస్తావా? మామిడి చెక్కతో."

అతనికేమీ అర్థం కాలేదు. అయినా వెళ్ళి వెలిగించాడు. లోపల వండటానికి ఏమీ లేకపోయినా మూత వేసి, ఈసారి ఒక్కసారి కూడా తీయకుండా పక్కనే నిలబడ్డాడు. పొగ లేచి గోడ దాటింది. పిన్నిగారు చొక్కాని తీగ మీద వేసి, దాని చేతులు రెండూ బారుగా చాపి, పొగకి ఎదురుగా క్లిప్పులు పెట్టింది. తరవాత గోడ దగ్గరికొచ్చి, బిక్కమొహాలు వేసుకుని చూస్తున్న ఆలుమగలిద్దరితోనూ మెల్లగా అంది.

"చేపలకు పొగపెట్టి, మీ బాబాయి ముప్పై ఏళ్ళు ఈ వాసనతోనే ఇంటికొచ్చేవాడు."