నీడకు నీడ

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? ఈ ఒక్కటీ విని వెళ్లండి. రెండు నిమిషాల పని.

శుక్రవారం మధ్యాహ్నం. మా సఫేద్ కొండ మీద యూదుల ఇళ్లన్నిటా సబ్బాతు రొట్టెలు కాలుతున్నాయి. పొద్దుగూకితే సబ్బాతు విశ్రాంతి, పనులన్నీ బంద్. న్యాయపీఠం తలుపులూ మూసేస్తారు. సరిగ్గా అప్పుడొచ్చాడతను. కింద వసారాలో తీర్పు కోసం రెయ్నా కూర్చునుంది. ఆమె పక్కనుంచే మెట్లెక్కాడు. ఆమె తలెత్తలేదు.

"గుమ్మంలో ఆ తచ్చాడటమేంటి నాయనా? లోపలికి రా" అన్నారు అక్కడ తీర్పులు చెప్పే రబ్బీ జెరాహ్యా. ఆయన సలోనికా నుంచి ఈ ఊరొచ్చి ఏడాది కాలేదు. ముఖాలింకా అలవాటు కాలేదు.

"రెయ్నా మొగుడి సంగతి చెబుదామనొచ్చానండి. ఒవద్యా. చచ్చిపోయాడు."

రబ్బీ కళ్లజోడు సర్దుకున్నారు. ఏడేళ్లుగా ఒవద్యా జాడ లేదు. ఉన్నాడో పోయాడో చెప్పే సాక్షి దొరికేదాకా రెయ్నా అటు భార్యా కాదు, ఇటు విధవా కాదు. అద్దకం పని చేసే యకార్ ఆమెని చేసుకుంటానంటున్నాడు. ఆదివారం అతను దమస్కుకి మకాం మార్చేస్తున్నాడు. ఈ పూట మళ్లీ పెళ్లాడొచ్చన్న కాగితం చేతికి రాకపోతే ఇక ఆ పెళ్లి మాట మర్చిపోవడమే.

"ముందే చెబుతున్నా బాబూ. ఈ నెల్లో ఇదే మాట మోసుకుని ముగ్గురొచ్చారు. ఒకాయనకి దేవదూత చెప్పాట్ట. ఒకావిడకి కల్లో కనిపించాట్ట. ఇంకొకడు ఏకంగా ఆకాశవాణే విన్నాట్ట! ముగ్గుర్నీ పంపించేశా. దేవుడు ధర్మశాస్త్రాన్ని కింద మనుషులకిచ్చేశాక పైవాళ్ల పెత్తనం ఇక్కడ చెల్లదు. కళ్లారా చూసినవాడు కావాలి నాకు."

"కళ్లారానే చూశానండి."

"ఆ ఒవద్యా నీకు బాగా తెలుసా?"

అంతే, అతనికి ఊపొచ్చేసింది. "తెలియకేం! వాడంత వెధవ ఈ కొండ మీద ఇంకోడు లేడు. రోజూ ఓ దేవదూత వచ్చి పాఠాలు చెబుతున్నాడని ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. రెండ్రోజులు పస్తుండి నాలుగు ఆలివ్ కాయలు తింటే ఎవరికి వినిపించవండీ మాటలు? అది దేవదూత కాదు, ఖాళీ కడుపు!"

రబ్బీ మీసాల్లో నవ్వుకున్నారు.

"ఒంటరిగా పడవెక్కు, గాలి నీ మాట వింటుంది అని చెప్పిందిట ఆ కడుపు. అక్కో రేవులో పడవెక్కాడు. ఈత రాదు. తెడ్డు పట్టడం రాదు. గాలికి మాత్రం చెయ్యెత్తి ఆజ్ఞలు! పెళ్లాం వద్దు వద్దని ఏడుస్తుంటే, నీకేం తెలుసే పిచ్చిదానా అన్నాడండీ. పిచ్చిది ఆవిడట!"

చివరి మాట దగ్గర అతని చూపు కిటికీలోంచి కింద వసారా మీదికెళ్లింది.

"నీళ్లలో పడటం చూశావా? చావడం చూశావా?" రబ్బీ ముందుకి వంగారు. "రెండూ ఒకటి కాదు. సముద్రం పెద్దది. ఇక్కడ మునిగినోడు ఎక్కడో తేలి బతికుండొచ్చు."

"శవం ఒడ్డుకొచ్చిందండి. నరపురుగు తిరగని చోటు. ఎవరైనా వచ్చి పూడుస్తారేమోనని మూడు రోజులు పక్కనే కూర్చున్నా."

"ముక్కుతో సహా ముఖం గుర్తుపట్టావా? ముక్కు చూడనిదే శాస్త్రం ఒప్పుకోదు."

"మునక్కాడంత ముక్కండీ. ఎలా మర్చిపోతాను?"

"మరి ఏడేళ్లూ ఏం చేశావు? ఆ పిల్ల ఇక్కడ ఎండిపోతుంటే!"

"సిగ్గేసిందండి. అంత దగ్గరుండీ ఆ వెధవని ఆపలేకపోయాను."

రబ్బీ శాస్త్రం గుర్తు చేసుకున్నారు. ఇలాంటి కేసులో ఒక్క సాక్షి చాలు. పెద్దలు ఆ మాత్రం దయ చూపించారు. కానీ పెద్దలే ఇంకో మాట కూడా అన్నారు. దయ్యాలు మనిషి రూపంలో వచ్చి అబద్ధం చెబుతాయి, జాగ్రత్త!

"లేచి కిటికీ దగ్గర నిలబడు. దయ్యానికీ నీడ ఉంటుంది. నీడకు నీడ మాత్రం ఉండదు."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. అది తనకుందో లేదో ఎప్పుడైనా చూసుకుంటే కదా! వెళ్లి ఎండలో నిలబడ్డాడు. గోడ మీద నల్లగా నీడ పడింది. రబ్బీ ముక్కు గోడకి ఆనేంతగా వంగి చూశారు. ఆ నలుపు చుట్టూ, పల్చగా, పొగలాగా, ఇంకో నీడ.

"ఉంది! దయ్యానివి కాదు పో!" రబ్బీ చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. అతను గోడకేసి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

కలం చకచకా పరిగెత్తింది. ఒవద్యా మరణించెను, రెయ్నా ఇష్టమైనవాణ్ని పెళ్లాడవచ్చును. రబ్బీ ముద్ర వేసి, కిటికీలోంచి కేకేశారు. "అమ్మా రెయ్నా, పైకి రా తల్లీ! నీ కష్టం తీరింది!"

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"అయ్యో నా మతి మండ! దయ్యమా కాదా అని చూడటంలో పడి నీ పేరే అడగలేదు. ఇదిగో, ఇక్కడ పేరు పెట్టు."

ఈ గదిలో ఒక్క అబద్ధం కూడా ఆడకూడదని అనుకునే వచ్చాడతను. వంగి, కుదురుగా రాశాడు. రబ్బీ చదివారు. పైన తను రాసింది చదివారు. మళ్లీ కింద చదివారు. తలెత్తి చూస్తే ఎదురుగా ఎవరూ లేరు.

తన చావుకి తానే సాక్ష్యం చెప్పి ఒవద్యా పెట్టిన సంతకమున్న ఆ కాగితాన్ని, గుమ్మంలో చెయ్యి చాపి నిలబడ్డ రెయ్నాకి, చెప్పండి, మీరైతే ఇస్తారా?