హామో మందు

"జాతరలోపు ఎలుకలైనా పోవాలి, నువ్వైనా పోవాలి," అన్నాడు ఉన్ని వర్తకుడు థర్స్టన్.

హామో తలూపాడు. ఎవరు పోతారో అతనికి తెలుసు.

ఆ ఇంగ్లీషు రేవులో ఎలుకలు పట్టే పని అతనిదే. పని అతనిది గానీ, ఇన్నేళ్ళలో అతని బోనులో గట్టిగా పడింది ఒక్కటే, అతని బొటనవేలు. ఎలుకలు అతన్ని చూసి పారిపోయేవి కావు, పక్కకు తప్పుకుని దారిచ్చేవి. తన మందు తిని ఎలుకలు ఒళ్ళు చేస్తున్నాయని సత్రంలో బీరు తాగుతూ తనే చెప్పుకుని నవ్వేవాడు.

ఈసారి నవ్వు రాలేదు. ఊరు వదలాల్సొస్తే భార్య ఎమోట్‌నీ, ఆమె ప్రాణంగా పెంచుకుంటున్న కోళ్ళనీ వెంటేసుకుని ఎక్కడికని పోతాడు?

అది చాలదన్నట్టు, ఫ్రాన్సు యుద్ధం నుంచి ఓడొకటి వచ్చింది. సిపాయిలు సత్రంలో దిగారు. వాళ్ళు దోచుకొచ్చిన బట్టల మూటలు థర్స్టన్ కొని గిడ్డంగిలో వేయించాడు. మూటల్లోంచి కొత్త ఎలుకలు దూకాయి. పాతవాటితోనే చస్తుంటే ఇవొకటా అనుకున్నాడు హామో.

ఆ సాయంత్రం పాషాణం నూరి, పిండిలో కలిపి, సంచికెత్తి పొయ్యి పక్కన పెట్టాడు. తెల్లారి గిడ్డంగంతా చల్లాడు.

"తినండమ్మా, మొహమాటపడకండి," అన్నాడు చల్లుతూ.

కొన్నాళ్ళకు ఎలుకలు రాలడం మొదలైంది. హామో నమ్మలేదు. వేషం వేస్తోందేమోనని ఒకదాన్ని తోక పట్టుకుని ఊపి చూశాడు. తర్వాత ఒట్టి చేతులతోనే గంపలకెత్తాడు. గిడ్డంగిలోనే కాదు, చర్చిలోనూ చచ్చాయి, సత్రంలోనూ చచ్చాయి.

"నా సత్రంలో నువ్వు మందే చల్లలేదు కదరా," అన్నాడు సత్రం నడిపే పియర్స్.

"వాసన చాలు బావా."

ఇంత సిగ్గులేకుండా కోతలు కోయగలనని హామోకే తెలీదు.

జాతరలో అతన్ని భుజాల మీద ఊరేగించారు. మెడలో చచ్చిన ఎలుకల దండ వేశారు. దండ కంపు కొడుతున్నా థర్స్టన్ వచ్చి కౌగలించుకున్నాడు.

"రేపు నా బట్టల బళ్ళు పై ఊళ్ళకు పోతున్నాయి. నువ్వూ ఎక్కు. అక్కడంతా నిన్నే అడుగుతున్నారు, హామో గారూ."

ఆ గారు ఎవరా అని హామో వెనక్కి తిరిగి చూశాడు.

సిపాయిలు మాత్రం జాతరకు రాలేదు. జ్వరమట, గజ్జల్లో బిళ్ళలట. పరాయి దేశం తిండి పడలేదన్నారెవరో. పాపం, వాళ్ళ వాటా బీరు కూడా హామోయే తాగాల్సి వచ్చింది.

పొద్దున బండి గుమ్మం ముందుకొచ్చేసరికి అతనికి తల దిమ్ముగా ఉంది. నిన్నటి బీరు కాబోలు అనుకున్నాడు.

"నా మందు మహిమ చూశావా," అన్నాడు ఎమోట్‌తో. "పై ఊళ్ళకు ఇంకాస్త నూరుకోవాలి."

ఎమోట్ పొంగుకొస్తున్న నవ్వును చేత్తో నొక్కి పట్టింది.

"నూరక్కర్లేదయ్యా, నా కోళ్ళెక్కడ తిని చస్తాయోనని నీ మందంతా ఆ సాయంత్రమే గొయ్యి తీసి పాతేసి, సంచిలో వట్టి బార్లీ పిండి పోసి పెట్టాను."