జానెడు దూరం

చివరి రోజు పొద్దున నా భార్య నర్మద నిమ్మకొమ్మను వంచి పట్టుకుంది. ఆకు మీది గొంగళిపురుగును ఫోటో తీయబోతూ “వేలు అడ్డమొస్తున్నది, జర జరుపు” అన్నాను.

“తొమ్మిదేండ్ల సంది పురుగులవే ఫోటోలు. నన్నొక్కపారి దించరాదుండ్రి?” అని నవ్వింది.

“రేపు దించుత” అన్నాను.

మధ్యాహ్నం ఆమెకు గుండెనొప్పి వచ్చింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

పాడె మీదికి ఎత్తకముందు ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. రీలులో మిగిలిన ఒక్క ఫోటో తీశాను.

ఇవాళ జగిత్యాలలో స్టూడియో కైలాసం ఆ ఫోటో నా చేతికిచ్చి తల దించుకున్నాడు. “సారూ, ముఖమంత పొగలెక్క వచ్చింది. పురుగుల కోసం కెమెరా ముందల పెట్టిన గాజుబిళ్ల తియ్యలేదా?”

తీయలేదు. అది ఉంటే జానెడు దూరం దాటినదేదీ స్పష్టంగా పడదు. ఆమె ఫోటో ఇంట్లో మరొకటి లేదు.

గొంగళిపురుగు ఫోటో అంచున మాత్రం ఆమె బొటనవేలు ఉంది. నేను చెప్పినా జరపలేదు. గోటి పక్కన కత్తిపీట గాటు కూడా కనిపిస్తోంది. ఇన్నేళ్లూ ఇలాంటి అంచులను కైలాసంతో కత్తిరించి పారేయించాను.

రేపు పొద్దున మళ్లీ స్టూడియోకు పోతాను. పురుగును కత్తిరించి, వేలిని పెద్దది చేసి పటం కట్టమంటాను.